ఎందుకో కూడా రాయండి

పట్టాలు అందుకున్న మీకు, ఫీజులు కట్టిన మీ అమ్మానాన్నలకు అభినందనలు. మర్యాదలు అయిపోయాయి, ఇక విషయానికి వస్తాను.

ఏఐ రేపు ఏం చేస్తుందో నన్ను అడక్కండి. నా ఉద్యోగమంతా డాక్యుమెంటేషన్ టూల్స్‌తోనే గడిచింది. ఒక కమాండ్ కొడితే మార్క్‌డౌన్ ఫైళ్లు వెబ్ పేజీలైపోవాలి. లినక్స్‌లో అయ్యేవి. విండోస్‌లో ఒకసారి ప్రాజెక్టు డౌన్‌లోడే పూర్తి కాలేదు. ఆడియో పోర్టు గురించిన పేజీకి ఎవరో 'ఏయూఎక్స్' అని పేరు పెట్టారు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ ఆ పేరును ఒక డివైస్‌కు కేటాయించింది. అప్పటికి డాస్‌లో ఫోల్డర్లే లేవు కాబట్టి ఆ పేరు ఏ ఫైలుకూ పెట్టకూడదన్నది నియమం. 1983లో అవి వచ్చినా, పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని ఆ నియమాన్ని అలాగే ఉంచారు. అదే విండోస్‌కూ సంక్రమించింది. ఫైలు పేరు మార్చాం, పని జరిగింది.

నా బాధ అది కాదు. మా బిల్డ్ స్క్రిప్టులో ఫైళ్లలోని పదాలు మార్చే 'సెడ్' కమాండ్ ఉండేది. మ్యాక్‌లో ఫైలును అక్కడికక్కడే మార్చమనే 'మైనస్ ఐ' తర్వాత బ్యాకప్ ఎక్స్‌టెన్షన్ ఇవ్వాలి, బ్యాకప్ వద్దనుకుంటే ఖాళీ కోట్లు పెట్టాలి. లినక్స్‌లోని గ్నూ సెడ్ ఆ ఖాళీ కోట్లనే ఆదేశం అనుకుంటుంది, అసలు ఆదేశాన్ని ఫైలు పేరనుకుని 'అలాంటి ఫైలు లేదు' అంటుంది. మ్యాక్ వాడే అమ్మాయి కోట్లు పెట్టేది, లినక్స్ వాడే అబ్బాయి తీసేసేవాడు. ఇద్దరి కమిట్ మెసేజీ ఒకటే: 'ఫిక్స్‌డ్'. ఏం ఫిక్స్ చేశారు నాయనా? ఒకరు వేసిన ముగ్గు ఇంకొకరు తుడిచినట్టు నెలల తరబడి ఇదే తంతు! చివరికి ఎక్స్‌టెన్షన్‌ను 'మైనస్ ఐ'కి ఖాళీ లేకుండా అతికిస్తే రెండు సెడ్‌లూ ఒప్పుకున్నాయి. మిగిలిన బ్యాకప్ ఫైళ్లను తర్వాతి లైనులో డిలీట్ చేశాం. పైన ఎందుకిలా చేశామో చెప్పే రెండు లైన్ల కామెంటు పట్టుబట్టి రాయించాను. మళ్లీ ఎవరూ దాని జోలికి పోలేదు.

ఇలా రాయడం కొత్తేమీ కాదు. 1971లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన తొలి యూనిక్స్ మాన్యువల్‌లోనే కమాండ్ల పేజీల్లో 'బగ్స్' అనే విభాగం ఉంది. తాము చేసినదాంట్లో లోపం ఇదీ అని వాళ్లే రాసుకున్నారు. వాళ్లకు లేని మొహమాటం మీకెందుకర్రా?

"మా సిస్టంలో పనిచేస్తోంది సార్" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏ సిస్టం? ఏ వెర్షన్? ఎందుకు? చాట్‌బాట్ కోడ్ ఇస్తుంది, అది మీ టీంలో ఎవరి మెషిన్ కోసం అవసరమైందో మీరు చెప్పకపోతే దానికేం తెలుస్తుంది? రెండు లైన్లు రాయండి. నాలుగేళ్లు ల్యాబ్ రికార్డులు పక్కవాడివి చూసి రాసిన చేతులే కదా, అరిగిపోవు.