అడిగేది అర్థమయ్యేలా అడగాలి

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సంవత్సరం నేను తనిఖీ చేసిన ఒక సంఘంలో జరిగిన సంగతి మనవి చేస్తాను. పాల లెక్కల ప్యాకేజీ కొత్తది వచ్చింది. దాన్ని కంప్యూటరులో ఎక్కిస్తుండగా తెరమీద 'డేటాబేస్ ఇనీషియలైజ్?' అన్న ప్రశ్న వచ్చింది. 'ఎస్' అన్నచోట ముందే టిక్కు పెట్టి ఉంది. కార్యదర్శి 'నెక్స్ట్' నొక్కారు. పదిహేను రోజుల లెక్క తుడిచిపెట్టుకుపోయింది. ఉత్పత్తిదారుల ఇళ్ళనుండి చీటీలు తెప్పించి, వెన్న శాతంతో సహా తిరిగి ఎక్కించేసరికి బిల్లు వారం ఆలస్యమైంది. దాణా బాకీకి, పిల్లల ఫీజుకు ఆ బిల్లే ఆధారమైన ఇళ్ళవి.

తనిఖీ నివేదికలో కార్యదర్శిదే తప్పని మొదట రాశాను. తరువాత కొట్టివేశాను. 'పాత లెక్కలన్నీ చెరిపివేయాలా? చెరిపితే తిరిగి రావు' అని తెలుగులో అడిగి ఉంటే ఆయన నొక్కేవారా?

ఇలా అడగటం అసాధ్యమేమీ కాదు. 1993లో ఆరంభమైన డెబియన్ అనే ఉచిత వ్యవస్థను చూడండి. అందులో ప్రశ్నలను ప్రాముఖ్యాన్నిబట్టి నాలుగు తరగతులు చేశారు. మామూలుగా పై రెండు తరగతులవే అడుగుతారు. మిగిలినవాటికి చాలామందికి సరిపోయే జవాబు ముందే ఉంటుంది. డిస్కుమీద మార్పులు రాసేముందు ఏయే భాగాలు మారతాయో చూపి, 'రాయమంటారా?' అని అడుగుతారు. అక్కడ ముందుగా ఉండే జవాబు 'వద్దు'. ఇది తెలుగులోనూ లభిస్తుంది.

కనుక ప్యాకేజీ తయారుచేసేవారికి నా విన్నపాలు మూడు. అవసరమైనదే అడగండి. ప్రతి జవాబుకు ఫలితమేమిటో పక్కనే ఒక వాక్యంలో రాయండి. నష్టం కలిగించే జవాబుకు ముందుగా టిక్కు పెట్టకండి.

కార్యదర్శులారా! సర్వసభ్య సమావేశంలో తీర్మానం చదివి వినిపించకుండా చేతులెత్తమంటామా? తెరమీది ప్రశ్న కూడా అటువంటిదే. అర్థం కాకపోతే ఆగండి, అడగండి. ఎక్కించేముందు లెక్కల నకలు వేరే డిస్కులో భద్రపరచండి. ప్యాకేజీ కొనేముందు పాలకవర్గం ఎదుట ఒకసారి ఎక్కించి చూపమనండి. అర్థం కాని ప్రశ్నలుంటే, అవి సరిచేసేవరకు సొమ్ము చెల్లించవద్దని నా సలహా.