ఎనిమిదడుగుల నాలుగంగుళాల పురికొస
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా 1985 బ్యాచ్ వాళ్లు అప్పట్లాగే ఇప్పుడు కూడా చివరి వరసలో కూర్చున్నారు.

నాకు పది నిమిషాలు ఇచ్చి, అమెరికా విశేషాలు చెప్పమన్నారు. విశేషాలు మీరు సెల్‌ఫోన్లో రోజూ చూస్తూనే ఉన్నారు. నేను ఒక్క కొండ సంగతే చెబుతాను.

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు కాంతి పాఠం చెబుతూ, పాలోమార్ టెలిస్కోపు అద్దం 200 అంగుళాలు అన్నారు. మేం రాసుకున్నాం. "రాసుకుంటే తెలిసిందా?" అని అందర్నీ గ్రౌండులోకి తీసుకుపోయారు. మేకు పాతి, ఎనిమిదడుగుల నాలుగంగుళాల పురికొస కట్టి, సున్నంతో వలయం గీశారు. మమ్మల్ని లోపలికి రమ్మన్నారు. 42 మందిమి నిలబడినా ఇంకా చోటు మిగిలింది. "ఇంత అద్దాన్ని కొండెక్కించార్రా. మీలో ఎవరైనా అక్కడికి వెళ్తే, చూసొచ్చి నాకు చెప్పండి" అన్నారు.

అదే ప్రపంచంలోకెల్లా పెద్దదని కూడా చెప్పారు. నిజానికి 1970లలోనే రష్యావాళ్లు ఆరు మీటర్ల అద్దంతో టెలిస్కోపు కట్టేశారు. ఆ వార్త మన ఊరి బస్సు ఇంకా ఎక్కలేదు.

నేను కాలిఫోర్నియాలో ఉద్యోగంలో చేరి పాతికేళ్లు. పాలోమార్ మా ఇంటి నుంచి మూడు గంటల దారి. "ఎప్పుడైనా వెళ్లొచ్చులే" అనుకుంటూ ఉండిపోయాను. చివరికి మా అమ్మాయి చదువైపోయిన ఏడాది ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకుని నలుగురం బయల్దేరాం. పడకలు, పొయ్యి, బాత్రూము అన్నీ అందులోనే. ఫోటో పంపిస్తే మా అమ్మ "లారీలో కాపురమేమిట్రా?" అంది.

కొండెక్కడానికి రెండు దారులున్నాయి. దగ్గర దారి నిండా మెలికలు. పాతికడుగుల బండితో అటు వెళ్లొద్దన్నారు. హెన్షా చెరువు మీదుగా చుట్టు దారిన వెళ్లాం. అయినా వంటగది అరలో గిన్నెలు దారి పొడుగునా మోగుతూనే ఉన్నాయి. అబ్జర్వేటరీకి కాస్త కిందనే అడవిలో క్యాంపు స్థలం ఉంది. బండి అక్కడ పెట్టి మర్నాడు పొద్దున్న కాలిబాటన ఎక్కాం. దాదాపు అయిదున్నర వేల అడుగుల ఎత్తు. నాకు ఆయాసం, మా అమ్మాయికి నవ్వు.

చెట్లు తప్పుకోగానే తెల్లటి గుమ్మటం. వెయ్యి టన్నుల బరువు, 135 అడుగుల ఎత్తు. లోపల సందర్శకులకు అద్దాల గది ఉంది. అందులోంచి చూస్తే బూడిదరంగు ఉక్కు అస్థిపంజరం కదలకుండా నిలబడి ఉంది. కదిలే భాగమే 530 టన్నులు. అదంతా పలచటి నూనె పొర మీద తేలుతుంది. అందుకే తిప్పడానికి చిన్న మోటారు చాలు.

ఇంజనీరుగా నేను చాలాసేపు చూసింది ఆ గొట్టాన్ని. అంత పొడవు ఉక్కు వాలిందంటే వంగకుండా ఉండదు. మార్క్ సెరూరియర్ అనే ఇంజనీరు ఆ వంపును ఆపాలని చూడలేదు. పైకొస, కిందికొస రెండూ సమానంగా, ఒకదానికొకటి సమాంతరంగా దిగేట్టు కడ్డీలు అమర్చాడు. వంగినా గురి తప్పదు. ముప్ఫై ఏళ్లుగా వంపుల్ని ఆపడానికి డబ్బు ఖర్చు పెట్టించిన నాకు అది చూస్తే కొంచెం సిగ్గేసింది.

అద్దం మాత్రం కనబడలేదు! పగలు దాని మీద మూతలు వేసేస్తారు. పద్నాలుగున్నర టన్నుల గాజు అది. 1934లో మొదటిసారి పోతపోసినప్పుడు అచ్చులోని దిమ్మలు ఊడి, కరిగిన గాజులో పైకి తేలాయి. ఆ పోత పనికి రాలేదు. అదే ఏడాది డిసెంబరులో మళ్లీ పోశారు. అరగదీత, మధ్యలో యుద్ధం, అన్నీ అయ్యి కొండెక్కేసరికి 1947 నవంబరు. ఈ టెలిస్కోపు కోసం డబ్బు కూడగట్టిన జార్జ్ ఎల్లరీ హేల్ 1938లోనే చనిపోయాడు. మన హైదరాబాదులో చదువుకున్న వైను బాపుగారు కుర్రతనంలో మౌంట్ విల్సన్, పాలోమార్ అబ్జర్వేటరీలలోనే కార్నెగీ ఫెలోగా పనిచేశారు. తర్వాత కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు తలపెట్టి, అది పూర్తికాక ముందే 1982లో పోయారు. ఇప్పుడు దానికి ఆయన పేరే.

సాయంత్రం క్యాంపుకు తిరిగొచ్చాక బట్టలారేసే తాడు తీసి, టేపుతో 100 అంగుళాలు కొలిచి, నేల మీద వలయం గీశాను. మా బండి పొడవులో మూడింట రెండు వంతులు వచ్చింది. నలుగురం లోపల నిలబడ్డాం. బోసిగా అనిపించింది. మా అమ్మాయి ఫోటో తీసి "ఎవరికి పంపాలి నాన్నా?" అంది.

మాస్టారు పోయి అప్పటికి రెండేళ్లు. నాకు తెలుసు. ఆ వార్త మన గ్రూపులో చూసి, అందరితో పాటు దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాను. అంతకుముందు పాతికేళ్లలో ఆయనకి ఒక్క ఉత్తరం రాయలేదు. చూసొచ్చి చెప్పమన్నారు కాబట్టి, చెప్పాల్సింది ఇవాళ మీకు చెబుతున్నాను.

కమిటీవారికి ఒక మనవి. గేటు దగ్గర మన పేర్లతో తోరణం కడదామంటున్నారు. నా వాటా ముందే ఇచ్చాను, వెనక్కి అడగను. కానీ ఆ డబ్బులో కొంత తీస్తే ఎనిమిదంగుళాల టెలిస్కోపు వస్తుంది. పిల్లలు శని వలయాలు కళ్లారా చూస్తారు. మన పేర్లు చదవమంటే వాళ్లు ఎలాగూ చదవరు. కార్యదర్శిగారు నవ్వుతున్నారు, ఒప్పుకున్నారో లేదో తెలియదు.

భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒకసారి గ్రౌండులోకి పంపించండి. మేకు, పురికొస నేను తెచ్చాను. సున్నం మాత్రం స్కూలువాళ్లే ఇప్పించాలి.