బంతికీ బంతికీ నడుమ



మన మాస్టారి జీవితం గురించి చెప్పడానికి నాకంటే అర్హులు ముందు వరుసలో కూర్చున్నారు. నేను ఆయన చేతిలోని మైకు గురించి మాట్లాడతాను. సెలవుల్లో జరిగే టెన్నిస్ బాల్ క్రికెట్ టోర్నమెంట్లలో ఆ మైకులో ఆయన వ్యాఖ్యానాన్ని మీలో చాలామంది విన్నారు. అలాంటి మైకు పట్టుకున్న పేరుమోసిన వ్యాఖ్యాతలు ఆటను వదిలి ఆటగాడి ఒంటి రంగు మీదికి, మతం మీదికి, ఇంటి సంగతుల మీదికి ఎందుకు పోతుంటారు, ఎప్పటినుంచి పోతున్నారు అన్నదే ఈ సాయంత్రం నా విషయం.

దీనికోసం లండన్, సిడ్నీల దాకా పోనక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే, నాగోలు దాటితే ఉప్పల్ క్రికెట్ మైదానం.  

2025 మార్చి 23, ఆదివారం. ఉప్పల్‌లో సన్‌రైజర్స్, రాజస్థాన్ రాయల్స్ మధ్య మ్యాచ్. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106 కొట్టి అవుట్ కాకుండా నిలిచాడు, జట్టు స్కోరు 286కు చేరింది. బార్బడోస్‌లో పుట్టి ఇంగ్లండ్‌కు ఆడే జోఫ్రా ఆర్చర్ 4 ఓవర్లలో 76 పరుగులిచ్చాడు. ఐపీఎల్ చరిత్రలో అప్పటిదాకా ఏ బౌలరూ ఒక మ్యాచ్‌లో అన్ని ఇవ్వలేదు. అప్పుడు హిందీ వ్యాఖ్యానంలో ఉన్న హర్భజన్ సింగ్ ఒక మాటన్నాడు. లండన్‌లో నల్ల ట్యాక్సీ మీటరు ఎట్లా పరుగెత్తుతుందో, ఇక్కడ ఆర్చర్ గారి మీటరూ అట్లాగే పరుగెత్తిందని. ఆయనను తప్పించాలని ఆ సాయంత్రానికే డిమాండ్లు మొదలయ్యాయి. లండన్ ట్యాక్సీలు నల్లవే కదా, ఇందులో తప్పేముంది అని వెనకేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. నిజమే, నల్లవే. కానీ ఆ 76 పరుగులు ఇచ్చినవాడు తెల్లగా ఉంటే ఆ ట్యాక్సీ గుర్తొచ్చేదా? పరుగులు ఎక్కువిచ్చాడని చెప్పడానికి మీటరు చాలు. రంగు అదనంగా వచ్చి చేరింది.

ఈ కథలో హర్భజన్ పేరు ఉండటం కాకతాళీయమే కావచ్చు, కానీ చరిత్ర చెప్పేవాడు దాన్ని దాటిపోలేడు. 2007 అక్టోబరులో ఆస్ట్రేలియా జట్టు మన దేశానికి వచ్చింది. 5వ తేదీన ఉప్పల్‌లో ఆండ్రూ సైమండ్స్ 89 కొట్టాడు. తర్వాతి రోజుల్లో వడోదరలో, ముంబైలో అతనికి స్టాండ్ల నుంచి కోతి అరుపులు వినిపించాయి. 2008 జనవరిలో సిడ్నీ టెస్టులో హర్భజన్ తనను కోతి అన్నాడని సైమండ్స్ ఆరోపణ. రెఫరీ మైక్ ప్రాక్టర్ మూడు టెస్టుల నిషేధం వేశాడు. అప్పీలులో న్యాయమూర్తి జాన్ హాన్సెన్ జాతివివక్ష అభియోగం రుజువు కాలేదని నిషేధం ఎత్తేసి, దుర్భాషకు జరిమానాతో సరిపెట్టాడు. కాబట్టి ఆ మాట అన్నాడని నేను అనను. నేను చెప్పదలచింది వేరే. ఆ తీర్పు వచ్చి నెల తిరక్కముందే మన డెక్కన్ చార్జర్స్ అదే సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఏప్రిల్‌లో ఉప్పల్‌లోనే రాజస్థాన్ మీద 53 బంతుల్లో 117 కొడితే, అక్టోబరులో కోతి అన్న దేశమే వేసవిలో మావాడని ఈల వేసింది. మనకు అభిమానం అంత తొందరగా వస్తుంది. పాత మాట మాత్రం అంత తొందరగా పోదు.

పోదనడానికి వెస్టిండీస్ ఆటగాడు డారెన్ సామీ సాక్ష్యం. 2013, 2014 సీజన్లలో అతను సన్‌రైజర్స్‌కు ఆడాడు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, జూన్‌లో, సామీ బయటికొచ్చి చెప్పాడు: జట్టులో తననూ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ ‘కాలూ’ అని పిలిచేవారట. బలమైన గుర్రం అన్న అర్థంలో పిలుస్తున్నారనుకుని తాను కూడా నవ్వేవాడట. నల్లోడు అని అర్థం తెలిశాక కోపం వచ్చింది. తర్వాత ఒక పాత సహచరుడితో మాట్లాడాననీ, అది ప్రేమతో అన్నదేనని అతను చెప్పాడనీ సామీయే ప్రకటించాడు. ఆ ‘ప్రేమతో’ దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. అది అబద్ధం అనుకోను. మన ఇళ్లలో నల్లగా పుట్టిన పిల్లవాణ్ణి కర్రోడా అని పిలిచే అమ్మమ్మ వాడికే ఎక్కువ పెరుగు వేస్తుంది. ప్రేమ నిజమే, మాటా నిజమే. వాడు పెద్దయ్యాక గుర్తుండేది ఏదన్నది వాణ్ణే అడగాలి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం పుట్టిందే మతాల పేర్లు చదువుతూ. 1934లో బొంబాయిలో ఏ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్ రేడియోలో వినిపించింది క్వాడ్రాంగులర్ టోర్నమెంటును. ఆ జట్ల పేర్లు యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు. 1937లో ‘మిగిలినవారు’ అని ఐదో జట్టు కలిసింది. మన మచిలీపట్నం మూలాల సి.కె. నాయుడు 1926లో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టింది కూడా ‘హిందూ’ జట్టు తరఫునే. ఆ హిందూ జట్టుకు ఎన్నో ఏళ్లు వికెట్లు తెచ్చిపెట్టిన పల్వంకర్ బాలూ దళితుడు. పూనాలో అతనికి టీ విడిగా, పెవిలియన్ బయట, మట్టి పాత్రలో ఇచ్చేవారు. గాంధీ 1940లో ఈ మతాల పోటీని తప్పుపట్టారు. 1946 తర్వాత అది ఆగిపోయింది. జట్ల పేర్లు మారాయి. వినేవాళ్ల చెవి అంత తేలికగా మారుతుందా?

రేడియో రోజుల్లో మరో తెలుగు పేరు విజయనగరం మహారాజకుమార్, విజ్జీ. 1936లో ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా వెళ్లి లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించిన పెద్దమనిషి. తర్వాత వ్యాఖ్యాత అయ్యాడు. పులుల్ని చంపిన గొప్పలు చెప్పుకుంటుంటే వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, “మీ కామెంటరీ రేడియోలో పెట్టి అక్కడ వదిలేసి వచ్చారు, విసుగుతో చచ్చాయి” అన్నాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కల్పనో గాని, అందులో విమర్శ సరైనదే. మైకు ఇచ్చింది ఆట చెప్పమని. చెప్పింది సొంత వేట కథలు.

అయినా రేడియోలో ఒక కట్టుబాటు ఉండేది. బంతి ఎటుపోయిందో చెప్పకపోతే వినేవాడికి ఆటే లేదు. ఫీల్డింగ్, గాలి, స్కోరు, బౌలర్ నడక, అన్నీ నోటితోనే కట్టాలి. హైదరాబాద్ ఆలిండియా రేడియోలో 19 ఏళ్ల వయసులో మొదలుపెట్టిన హర్షా భోగ్లే ఆ బడిలో చదువుకున్నవాడే. టీవీ వచ్చి ఆ పని కెమెరాకు అప్పగించింది. ఒకసారి లెక్క వేయండి. టీ20లో 240 బంతులు. ఒక్కో బంతి ఆడటానికి ఐదారు సెకన్లు పడుతుందనుకుంటే మొత్తం అరగంట కూడా కాదు. ప్రసారం మూడున్నర గంటలు. మిగిలినదంతా ఖాళీ. ప్రకటనలు కొంత తినేస్తాయి. తక్కినది మాటలతో నిండాలి. పక్కన ఇద్దరు సహవ్యాఖ్యాతలు, చెవిలో డైరెక్టర్ గొంతు, ఎదురుగా మానిటర్. ఆ మానిటర్‌లో ఆటగాడి భార్య గ్యాలరీలో నవ్వుతూ కనిపిస్తుంది. ఏదో ఒకటి అనాలి. ఆలోచించే సమయం లేదు. అలాంటప్పుడు నోటికి అందేది కొత్త మాట కాదు, ముందే నోట్లో నానుతున్నది. అందుకే ‘నోరు జారింది’ అనే సంజాయిషీ నాకు సగమే నచ్చుతుంది. జారినప్పుడు బయటపడేది లోపల ఉన్నదే.

ఆస్ట్రేలియా వ్యాఖ్యాత డీన్ జోన్స్ సంగతి చూడండి. 2006 ఆగస్టు, కొలంబో టెస్టు. గడ్డం పెంచుకున్న దక్షిణాఫ్రికా ముస్లిం ఆటగాడు హషీమ్ ఆమ్లా క్యాచ్ పట్టాడు. ప్రకటన మొదలైంది, మైకు మూసుకుందనుకుని జోన్స్ అతణ్ణి టెర్రరిస్టు అన్నాడు. దక్షిణాఫ్రికా ప్రసారంలో ప్రకటన పడలేదు, మాట నేరుగా వెళ్లిపోయింది. టెన్ స్పోర్ట్స్ అతణ్ణి వెంటనే తీసేసింది. అతను క్షమాపణ చెప్పాడు, తర్వాత మళ్లీ వ్యాఖ్యానానికి వచ్చాడు, మన టీవీల్లో ప్రొఫెసర్ డీనోగా అందరినీ నవ్వించాడు. ఐపీఎల్ పని మీద ముంబైలో ఉండగా 2020 సెప్టెంబర్ 24న హఠాత్తుగా పోయాడు.

ఆ రాత్రే దుబాయ్‌లో బెంగళూరు, పంజాబ్ మ్యాచ్. కె.ఎల్. రాహుల్ ఇచ్చిన రెండు క్యాచ్‌లు విరాట్ కోహ్లీ వదిలేశాడు. రాహుల్ 132తో నిలిచాడు. కోహ్లీ బ్యాటింగ్‌లో 1 పరుగుకే అవుటయ్యాడు. సునీల్ గవాస్కర్ హిందీలో, లాక్‌డౌన్‌లో కోహ్లీ తన భార్య అనుష్క బౌలింగ్‌కే ప్రాక్టీస్ చేశాడన్నారు. భార్యాభర్తలు అపార్ట్‌మెంట్ ఆవరణలో ఆడుకున్న వీడియోను ఉద్దేశించి అన్నానని తర్వాత వివరించారు. ఆయన ఉద్దేశం అంతేనని నేను నమ్ముతాను. మరి గొడవ ఎందుకయింది? 2015 ప్రపంచకప్ సెమీఫైనల్లో కోహ్లీ 1కే అవుటైతే సిడ్నీలో కూర్చున్న అనుష్కను ఈ దేశం తిట్టిపోసింది. అప్పటినుంచీ ఎండి ఉన్న గడ్డి అది. భర్త ఆటకు తనను ఎందుకు లాగుతారని ఆవిడ గట్టిగానే అడిగింది. రెండేళ్లు తిరగకముందే 2022 మేలో, భార్య ప్రసవానికి ఇంటికి వెళ్లొచ్చిన వెస్టిండీస్ ఆటగాడు హెట్‌మయర్ బ్యాటింగుకు వస్తుంటే గవాస్కర్ గారే అతని భార్య కాన్పును, అతని పరుగులను కలిపి మరో చమత్కారం చేశారు. 10 వేల టెస్టు పరుగులు మొదట దాటిన మనిషి. ఆయనకు చెప్పడానికి క్రికెట్ కరువా?

ఇంటి సంగతులకు వస్తే వ్యాఖ్యాతలను మాత్రమే నిలదీయడం అన్యాయం. మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా పెళ్లికి 2010లో ఇంటిముందు కెమెరాలు కాపలా కాశాయి. 2014లో తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌ను చేస్తే, ఆమె పాకిస్తాన్ కోడలని బీజేపీ నేత కె. లక్ష్మణ్ అభ్యంతరం చెప్పారు. 2016లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్న ఆమెను, ఎప్పుడు స్థిరపడతారని, తల్లి ఎప్పుడవుతారని టీవీ జర్నలిస్టు రాజ్‌దీప్ సర్దేశాయ్ అడిగారు. ఆమె అక్కడికక్కడే నిలదీసింది. ఆయన కెమెరా ముందే క్షమాపణ చెప్పారు, అది ఆయన మర్యాద. సికింద్రాబాద్‌లో పెరిగిన మిథాలీ రాజ్‌ను 2017లో నీకిష్టమైన పురుష క్రికెటర్ ఎవరని అడిగితే, వాళ్లను ఇలాగే అడుగుతారా అని తిరిగి అడిగింది.

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు బ్యాడ్మింటన్ ఫైనల్ ఆడింది. వెండి పతకానికి తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయి, మా బిడ్డ అంటే మా బిడ్డ అని పోటీ. అదే సమయంలో గూగుల్‌లో మన రెండు రాష్ట్రాలవాళ్లు ఎక్కువగా వెతికిన వాటిలో ఆమె కులం ఒకటి. అది ఏ వ్యాఖ్యాతా ఆన్ ఎయిర్ అనలేదు. మనమే చేతులారా టైప్ చేశాం. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో కోచింగ్‌కు వచ్చిన పిల్లలు కొత్త రూమ్మేట్‌ను మొదట ఏ ఊరు, తర్వాత ఇంటిపేరు ఎందుకు అడుగుతారో మీకు నేను చెప్పాలా?

మనవాళ్లను బయటివాళ్లు అంటే మాత్రం మనకు మండుతుంది. సిడ్నీలో మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్‌ను 2021 జనవరిలో ప్రేక్షకులు దూషించినప్పుడు ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. ఆటో నడిపి కొడుకును పెంచిన తండ్రి చనిపోయి రెండు నెలలు కూడా కాలేదు. ఈ నగరం ఊగిపోయింది, ఊగిపోవాల్సిందే. 2018లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా వ్యాఖ్యాత కెరీ ఓకీఫ్ మయాంక్ అగర్వాల్ రంజీ పరుగుల్ని రైల్వే క్యాంటీన్ సిబ్బంది మీద కొట్టినవని వెక్కిరిస్తే కూడా మండింది. ఆర్చర్ విషయంలో మాత్రం ట్యాక్సీల రంగు గురించి వాదించుకున్నాం.

2024 డిసెంబర్‌లో బ్రిస్బేన్‌లో ఇంగ్లండ్ వ్యాఖ్యాత ఈసా గుహా మన బౌలర్ బుమ్రాను పొగడబోయి, మనిషినీ కోతినీ ఒకే గాట కట్టే ‘ప్రైమేట్’ అన్న మాట వాడింది. ఆమె తల్లిదండ్రులు బెంగాల్ నుంచి వెళ్లినవాళ్లు. మర్నాడు ఆట మొదలయ్యేముందు, ఉద్దేశం గొప్పగా చెప్పాలనే అయినా తప్పు మాట ఎంచుకున్నానని నేరుగా క్షమాపణ చెప్పింది. అర్థం చేసుకోలేదని వినేవాళ్లను తప్పుపట్టలేదు. నేను చూసినవాటిలో ఇది మంచి క్షమాపణ.

కొన్నేళ్లుగా ఐపీఎల్ తెలుగులో వస్తోంది. ఇంగ్లిష్ రాని మన పెద్దవాళ్లకు ఆట ఇంటిదాకా వచ్చింది. అందుకు సంతోషమే. అయితే ఈ భాషల వ్యాఖ్యానానికి చానళ్లు పెట్టుకున్న ఆదర్శం, అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండాలని. అరుగు మీద మనం బక్కోడు, నల్లోడు, బట్టతల అనే అంటాం. వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు తెచ్చిన దీప్తి జీవాంజిని చిన్నప్పుడు ఊళ్లో పిచ్చిది, కోతి అని పిలిచింది కూడా అరుగుల మీదే. అరుగును స్టూడియోకు తెచ్చేవాళ్లు దాన్ని కొంచెం ఊడ్చి తేవాలి.

మాస్టారు మైకులో ఆటగాణ్ణి పేరుతో, జట్టుతో, చేసిన పనితో మాత్రమే చెప్పేవారు. అదేమీ సిద్ధాంతం కాదు. పేరు తెలియకపోతే బౌండరీ దగ్గరికి నడిచి వెళ్లి అడిగొచ్చేవారు. ఒకసారి ఒక పిల్లవాణ్ణి పొట్టి అని అలవాటుగా అనేసి, ఆ ఓవర్ అంతా వాడి పేరే చెబుతూ పోయారు. అప్పుడు మేమంతా నవ్వాం.

రాబోయే సంక్రాంతి టోర్నమెంటు నిర్వాహకులు ఇక్కడ ఉన్నారు. జట్ల పట్టికలో ఒక గడి చేర్చండి: మైకులో నిన్ను ఏమని పిలవాలి? ఆటగాడే రాస్తాడు, వ్యాఖ్యాత అదే చదువుతాడు. ఖర్చు లేని పని. దీనిమీద అభ్యంతరాలు, ప్రశ్నలు ఉంటే ఇప్పుడు అడగండి, అధ్యక్షులవారు పావుగంట ఇచ్చారు.