పసుపు ధరల పటము



ఎనిమిది తొమ్మిది మాసములు పెంచి, త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టిన పసుపునకు అంగడిలో ఒక్క పూటలో ధర తేలిపోవును. ఆర్మూరు రైతుల కీ సంగతి నేను చెప్పవలసిన పని లేదు.

2016 ఏప్రిల్ 14వ తేదీన ఈ-నామ్ అను జాతీయ విపణి 21 మార్కెట్లతో ప్రారంభమైనది. వానిలో నిజామాబాదు ఒకటి. ఏనాటి ధర ఆనాడే ఇంటర్నెట్టున చూడవచ్చును. కాని అంకెల వరుస చూచి ధరల పోకడ గ్రహించుట కష్టము గదా! అందుచే నేను పైథాన్ భాషలో, స్ట్రీమ్‌లిట్ అను సాధనముతో ఒక చిన్న వెబ్ యాప్ కూర్చితిని. చూచువాడు తేదీ మార్చిన ప్రతిసారియు లెక్క మొదటినుండి మరల నడచి, క్రొత్త గీత కనబడును.

దానిని ఊరి పెద్దలకు గోడపై చూపితిని. అందరును మెచ్చిరి. ఒక వృద్ధుడు మాత్రము, “బిడ్డా, ఇది కాడి ధరనా, గోళ ధరనా?” అని యడిగెను.

నేను రెంటిని కలిపి సగటు కట్టియుంటిని! అట్టి ధరకు ఏ బస్తాయు అమ్ముడుపోదు. సెలవు దినములలో సయితము గీతను తెగకుండ లాగితిని. దానిని నమ్మి యెవరైన సరకు నిలుపుకొనియున్నచో, అప్పుపై పెరుగు వడ్డీ నేనిత్తునా?

ఆ రాత్రియే కాడికి, గోళకు వేరు గీతలు వేసి, అంగడి లేని దినములను ఖాళీగా విడిచి, వచ్చిన సరకు తూకమును క్రింద చేర్చితిని.

కావున పెద్దలారా! ఎవరైన అందమైన పటము చూపినపుడు, ఏ రకము, ఏ దినము, ఎంత సరకు అని తప్పక అడుగుడు. పటము గీయుట మా పిల్లల పని. దానిని సరిచూచుట మీ యనుభవము పని.

సెలవు.