నాటకానికి పిల్లల్ని తీసుకెళ్లొచ్చా? ముందే చెప్పేదెవరు?

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న. ఈ వీకెండ్ ఇంట్లో వాళ్లందరినీ నాటకానికి తీసుకెళ్దామనుకున్నారు. అమ్మ, నాన్న, అక్క, అక్క వాళ్ల ఎనిమిదేళ్ల పాప. టికెట్లు బుక్ చేసేది మాత్రం మీరే, ఎందుకంటే యాప్ ఉన్నది మీ ఫోన్‌లో. ఆ నాటకంలో పాప వయసుకి మించింది ఏమైనా ఉందా అని మీకు ముందే ఎవరు చెప్తారు?

సినిమా అయితే బోర్డు చెప్తుంది. యూ, యూఏ, ఏ అని మనకి చిన్నప్పట్నుంచి తెలుసు. 2024లో కొత్త రూల్స్ వచ్చాక యూఏలోనే మూడు మెట్లు పెట్టారు: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. ఓటీటీలో ఇంకా నయం. 2021 ఐటీ రూల్స్ వల్ల వయసుతో పాటు కారణం కూడా స్క్రీన్ మీద పడుతుంది. హింస ఉందా, బూతులు ఉన్నాయా, డ్రగ్స్ ఉన్నాయా అని. అక్క ఒక్కసారి చూసి, పాపకి చూపించాలా వద్దా అని తనే డిసైడ్ చేసుకుంటుంది.

మరి నాటకానికి? తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ఏర్పాటు లేదు. రవీంద్రభారతిలోనో, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో నాటకం అంటే చాలాసార్లు ఎంట్రీ ఫ్రీ. మన దగ్గరికి వచ్చేది వాట్సాప్‌లో ఒక పోస్టర్. నాటకం పేరు, రచయిత, దర్శకుడు, టైం, "అందరూ ఆహ్వానితులే". ఆ "అందరూ"లో పాప ఉందా లేదా అన్నది మీ అదృష్టం.

టికెట్ పెట్టిన నాటకాలకి యాప్‌లో ఒక వయసు కనిపిస్తుంది. కానీ ఆ నంబర్‌తో ఒక ఇబ్బంది ఉంది. రెండు వేరు వేరు విషయాలకి ఒకటే నంబర్ వాడుతున్నాం. "ఐదేళ్ల లోపు పిల్లలకి ప్రవేశం లేదు" అంటే, పసిపిల్లలు ఏడిస్తే నటులకీ ప్రేక్షకులకీ ఇబ్బంది అని. "16 ఏళ్లు దాటినవాళ్లకి" అంటే బహుశా లోపల ఏదో ఉందని. ఆ ఏదో ఏంటి? రక్తమా, బెడ్‌రూమ్ సీనా, ఆత్మహత్యా, లేక పిల్లలకి బోర్ కొడుతుందనా? రాయరు. కారణం లేని నంబర్ చూసి తల్లిదండ్రులు ఏం తేల్చుకోగలరు?

నంబర్ కూడా లేనప్పుడు మనం ఏం చేస్తాం? లేబుల్ చూసి ఊహించుకుంటాం. పౌరాణికం అంటే దేవుడి కథ, పిల్లలకి మంచిదే అనుకుంటాం. సురభి వాళ్లు 1885లో వేసిన మొదటి నాటకం ఏంటో తెలుసా? కీచక వధ. కథ ఒకసారి గుర్తు చేసుకోండి. రాజు గారి బావమరిది, అంతఃపురంలో పని చేసే ఆడమనిషి వెంటపడతాడు. వద్దన్నా వినడు. నిండు సభలో ఆమెని తంతాడు. చివరికి భీముడు వాణ్ణి చంపుతాడు. పన్నెండేళ్ల అమ్మాయితో కూర్చుని చూస్తే, దాని గురించి ఇంటికెళ్లాక చాలా మంచి మాటలు మాట్లాడుకోవచ్చు. ఐదేళ్ల పాపకి రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. రెండు చోట్లా నాటకం ఒకటే, చూసే పాప వేరు. "పౌరాణికం" అనే ఒక్క మాట ఈ తేడా చెప్పదు.

ఇక్కడ మీలో కొందరు అంటారు, "అయితే నాటకానికి కూడా సెన్సార్ పెట్టేస్తే సరిపోతుంది కదా బ్రో" అని. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. రెండు కారణాలు.

ఒకటి, అది పని చేయదు. కోడింగ్ చేసేవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. సినిమా అంటే ఒకసారి రిలీజ్ చేసిన బిల్డ్. సర్టిఫికెట్ ఇచ్చాక అదే ఫైల్ అన్ని థియేటర్లలో ఆడుతుంది. నాటకం రోజూ కొత్త బిల్డ్. స్క్రిప్ట్ అదే ఉన్నా, ఈల పడిన చోట నటుడు ఇంకో నాలుగు మాటలు కలుపుతాడు. మహారాష్ట్రలో నాటకం స్క్రిప్టుని ముందే ఒక బోర్డుకి చూపించి సర్టిఫికెట్ తీసుకోవాలనే రూల్ ఉంది. దాన్ని నటుడు అమోల్ పాలేకర్ 2016లో బాంబే హైకోర్టులో సవాల్ చేశారు. బోర్డు చదివేది కాగితం. పాప చూసేది స్టేజి.

రెండోది, చింతామణి. కాళ్లకూరి నారాయణరావు గారు సంఘ సంస్కర్త. వేశ్యా వ్యామోహం ఇళ్లని ఎలా కూలుస్తుందో చెప్పడానికి రాసిన నాటకం అది. ఊరూరా ఆడగా ఆడగా, నవ్వుల కోసం సుబ్బిశెట్టి సీన్లు సాగాయి, ద్వంద్వార్థాలు చేరాయి. ఆ పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకం మొత్తాన్నే నిషేధించింది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఒక వర్గానికి కలిగిన బాధ వేరే చర్చ, దాన్ని నేను తక్కువ చేయట్లేదు. కానీ మన దగ్గర ఉన్న స్విచ్‌కి రెండే పొజిషన్లు. ఒకటి, ఏమీ చెప్పకుండా అందరినీ కూర్చోబెట్టడం. రెండోది, ఎవరూ చూడకుండా ఆపేయడం. "ఇందులో ఇవి ఉన్నాయి, మీ ఇష్టం" అని చెప్పే మధ్య పొజిషన్ మనం ఇంతవరకు పెట్టుకోలేదు.

ఆ మధ్య పొజిషన్ ఎలా ఉంటుందో చూడాలంటే లండన్ చూడాలి. అక్కడ ఒకప్పుడు ప్రతి కొత్త నాటకానికీ లార్డ్ ఛాంబర్లేన్ అనే రాజుగారి అధికారి లైసెన్స్ కావాలి. 1968లో థియేటర్స్ యాక్ట్ ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు అక్కడ నాటకాలకి ప్రభుత్వ రేటింగ్ లేదు. థియేటర్లే తమ వెబ్‌సైట్‌లో ఏ వయసు వాళ్లకి బాగుంటుందో, లోపల ఏం ఉందో రాస్తాయి. కథ ముందే తెలిసిపోతుందని భయం ఉన్నవాళ్ల కోసం కొన్ని థియేటర్లు ఆ వివరాల్ని ఒక క్లిక్ వెనక దాచిపెడతాయి. కావాలంటే నొక్కు, వద్దంటే వదిలెయ్.

అది కూడా పర్ఫెక్ట్ కాదు. హామిల్టన్ మ్యూజికల్‌నే తీసుకోండి. స్టేజి మీద దానికి 10 ఏళ్లు దాటినవాళ్లకి అని సలహా. 2020లో అదే షో రికార్డింగ్ డిస్నీ ప్లస్‌లోకి వచ్చినప్పుడు, పీజీ 13 రేటింగ్ కోసం మూడు పెద్ద బూతుల్లో రెండింటిని మ్యూట్ చేశారు. అంటే ఇంట్లో టీవీలో వినపడని మాట, హాల్లో టికెట్ కొన్న పదేళ్ల పిల్లాడికి వినపడుతుంది. సలహా ఇచ్చే థియేటర్ లెక్క వేరు, రేటింగ్ బోర్డు లెక్క వేరు. అందుకే నంబర్ కంటే నంబర్ పక్కన రాసే వాక్యం ముఖ్యం.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. రాల్ఫ్ ఫైన్స్, హ్యారీ పోటర్‌లో వోల్డెమార్ట్, 2024లో బీబీసీతో మాట్లాడుతూ ఇలాంటి హెచ్చరికలు తీసేయాలన్నారు. నాటకం మనల్ని కుదిపేయాలి, ముందే చెప్తే ఆ దెబ్బ తగలదని ఆయన బాధ. పెద్దవాళ్ల విషయంలో ఆయన మాటలో నాకు న్యాయం కనిపిస్తుంది. కానీ పెద్దవాళ్లు తమ టికెట్ తామే ఎంచుకుంటారు. పాప ఎంచుకోలేదు, మనం తీసుకొచ్చాం. సీన్ మధ్యలో లేవాలన్నా చీకట్లో పది మంది మోకాళ్లు దాటుకుని వెళ్లాలి. స్టేజి మీద ఉన్నది మనిషి, పాజ్ బటన్ లేదు.

సమాజాల వాళ్లు, దర్శకులు ఎవరైనా వింటుంటే, మీకు నా విన్నపం చాలా చిన్నది. పోస్టర్ కింద రెండు లైన్లు రాయండి. "ఒక హత్య సన్నివేశం, స్త్రీపై వేధింపు, పెద్ద శబ్దాలు ఉన్నాయి. పదేళ్లు దాటిన పిల్లలతో చూడొచ్చు." అంతే. దీనికి బోర్డు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. మీ నాటకంలో ఏముందో మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. మీరు చెప్పకపోతే రేపు ఎవరో అధికారి చెప్పడం మొదలుపెడతాడు, అప్పుడు రెండు లైన్లతో ఆగదు.

మనం ఏం చేయొచ్చు? పోస్టర్ మీద ఫోన్ నంబర్ ఉంటుంది. చేసి మూడు అడగండి. హింస, శృంగారం, బూతులు ఎంతవరకు ఉన్నాయి? పిల్లలు భయపడే శబ్దాలు, చీకటి ఉన్నాయా? మీ ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లలుంటే మీరు తీసుకొస్తారా? మూడో ప్రశ్నకి వచ్చే జవాబు ఏ సర్టిఫికెట్ కంటే నిజాయితీగా ఉంటుంది. వచ్చిన జవాబుని అలాగే అక్కకి ఫార్వర్డ్ చేయండి, పాప సంగతి అక్క చూసుకుంటుంది.

నాటకాలకి మాత్రం వెళ్లండి. ఒకసారి ఇబ్బంది పడిన కుటుంబం మళ్లీ హాలు వైపు రాదు. తెలిసి వచ్చిన కుటుంబం ఇంకో నలుగుర్ని తీసుకొస్తుంది. ఖాళీ కుర్చీల ముందు ఆడుతున్న మన నటులకి ఆ నలుగురు చాలా అవసరం. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.