ఎవరి చావు వార్త అవుతుంది?

యాంగోన్‌లో జరిగిన తెలుగు సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం



పాటలూ పద్యాలూ వినవలసిన పండుగ పూట హత్యల మాట, పత్రికల మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ సందేహం మాకూ కలగకపోలేదు. కాని ఈ విషయం మా తలకు ఎక్కించినది మన పిల్లలే. 2024 డిసెంబరు 4న న్యూయార్క్‌లో యునైటెడ్ హెల్త్‌కేర్ అనే ఆరోగ్య బీమా కంపెనీ ప్రధానాధికారి బ్రయాన్ థాంప్సన్‌ను ఒక హోటలు ముందు తెల్లవారుజామున కాల్చి చంపారు. కొద్ది రోజులు గడిచేసరికి మన తెలుగు తరగతి పిల్లలు ఆయన వయస్సు ఎంతో, ఏ సమావేశానికి వెళుతున్నాడో, నేల మీద దొరికిన ఖాళీ తూటాల మీద ఏ మాటలు రాసి ఉన్నాయో ఒప్పజెప్పగలిగారు. అక్కడే కూర్చున్న పెద్దాయన ఒకరు, "1930లో ఇదే ఊళ్ళో, ఇదే రేవులో మనవాళ్ళు వందమందికి పైగా చచ్చిపోయారు, తెలుసునా?" అన్నారు. ఒక పిల్లవాడు వెంటనే, "వాళ్ళ పేర్లేమిటి తాతగారూ?" అని అడిగాడు.

పెద్దాయన నోట మాట రాలేదు. మాకూ రాలేదు. ఒక్క పేరూ మాకు తెలియదు. ఎక్కడో సముద్రాల అవతల పోయిన అధికారి పేరు మన ఇంటి పిల్లలకు కంఠస్థమైంది, మన రేవులో పోయిన మన తాతల పేర్లు మనకే తెలియలేదు. ఇది పిల్లల తప్పు కాదు. ఏది వార్త, ఏది కాదు అని ఎక్కడో ఎవరో తీర్పు చెబుతున్నారు. ఆ తీర్పు ఎలా జరుగుతుందో మనం తెలుసుకోవాలి గదా! అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక మాట స్పష్టంగా మనవి చేస్తున్నాము. యజమాని అయినా, కూలీ అయినా చంపడం చంపడమే. ఒక అధికారి హత్యను పత్రికలు పెద్దగా రాశాయని మాకు కోపం లేదు. ఆయనకూ భార్యాబిడ్డలు ఉంటారు. మా ప్రశ్న అల్లా, మిగిలిన చావులు ఎందుకంత చిన్నవయ్యాయి అన్నదే.

1965లో నార్వే దేశపు పండితులు యోహాన్ గాల్టుంగ్, మారీ రూగె అనే ఇద్దరు తమ దేశపు పత్రికలలో విదేశీ వార్తలను పరిశీలించి ఒక వ్యాసం రాశారు. పెద్ద దేశంలో జరిగినది, పెద్ద మనిషికి జరిగినది, హఠాత్తుగా జరిగినది, చెడ్డగా జరిగినది – ఇవి తొందరగా వార్తలవుతాయని వారు చెప్పినదాని సారాంశం. ఈ కొలతతో చూస్తే కంపెనీ అధికారి హత్యకు అన్ని అర్హతలూ ఉన్నాయి. పెద్ద ఊరు, పెద్ద పదవి, ఊహించని ఘోరం. దీనికి మేము ఇంకొకటి చేర్చుతాము. కంపెనీకి ప్రకటన ఇచ్చే ఉద్యోగి ఉంటాడు, ఇవ్వడానికి ఫొటో ఉంటుంది. అర్ధరాత్రి పత్రిక అచ్చుకు వెళ్ళే వేళ విలేఖరి ఫోను చేస్తే పలికేది ఆ ఉద్యోగి, లేదా పోలీసు అధికారి. కూలీ ఇంట్లో ఆ వేళ ఏడుపులే ఉంటాయి. వాళ్ళ దగ్గరకు విలేఖరి స్వయంగా నడిచి వెళ్ళాలి. వెళ్ళేందుకు వ్యవధి లేదంటాడు. వార్త ఒక పక్షం నోటినుంచే వెలువడడానికి చాలాసార్లు దురుద్దేశం కూడా అక్కరలేదు, ఆ తొందర చాలు.

ఇక మన రేవు సంగతి. మన తాతలు "రంగం" అని పిలుచుకున్న ఈ ఊళ్ళో ఓడల సరుకు దించి ఎక్కించే పని అప్పట్లో ఎక్కువగా తెలుగువాళ్ళదే. మేస్త్రీ దగ్గర బయానా పుచ్చుకుని, ఆ అప్పు తీరేదాకా అతని చేతికింద పనిచేసినవాళ్ళే వారిలో చాలామంది. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఆగిపోకుండా కంపెనీలు బర్మీయ కూలీలను పనిలోకి దించాయి. తరువాత సమ్మె పరిష్కారమైంది. మే 26న మనవాళ్ళు తిరిగి పనికి రాగా, అంతదాకా పనిచేసిన బర్మీయులను పొమ్మన్నారు. వాళ్ళూ బీదవాళ్ళే, వాళ్ళకూ ఇంట్లో పొయ్యి వెలగాలి. అక్కడ మొదలైన ఘర్షణ ఊరంతా పాకింది, కొన్ని రోజులు చంపుకోవడం సాగింది. చనిపోయినవారు నూట ఇరవై వరకు అని అధికారుల అంచనా, అంతకు ఎంతో ఎక్కువ అని ఇతరుల అంచనా.

దీనికి చరిత్రలో పడిన పేరు ఏమిటి? "భారతీయ బర్మీయ కలహాలు." రెండు జాతుల పేర్లూ అందులో ఉన్నాయి. కూలి మాట లేదు. ఒకరి నోటి దగ్గర కూడు ఇంకొకరికి చూపించి, పని తీరగానే వెనక్కు లాక్కున్నవారి ఊసు లేదు. శీర్షిక ఒకటి కుదిరిందంటే తొంభై ఏళ్ళకు పైగా కుదిరినట్లే. మన పొరుగున ఉన్న బర్మీయ సోదరుణ్ణి మనమూ, మనల్ని వారూ అనుమానంగా చూడడానికి ఆ శీర్షిక చేసిన సాయం తక్కువేమీ కాదు.

ఆ నెలలో పత్రికలకు వేరే పెద్ద వార్తలు కూడా ఉన్నాయి. ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్నది. మే 5న గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ రోజే పెగూ భూకంపం వందలమందిని బలిగొన్నది. అంతకు కొద్ది రోజుల ముందే ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం పత్రికలను అదుపు చేసే ఆర్డినెన్సు తెచ్చింది. ఇన్నిటి నడుమ రేవు కూలీ ఒక అంకెగా మిగిలాడు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక్కసారి మన గోదావరి తీరానికి తీసుకువెళతాము. ఈ దేశంలో తెలుగువాళ్ళకు "కోరంగీలు" అన్న పేరు వచ్చింది కోరంగి రేవు వల్లనే అని మీకు తెలుసు. ఆ కోరంగికి దగ్గరలోనే యానాం ఉన్నది. చుట్టూ ఆంధ్రదేశమే అయినా పాలన పుదుచ్చేరిది. అక్కడ రీజెన్సీ సెరామిక్స్ అనే పలకల కర్మాగారంలో 2012 జనవరిలో కార్మికుల ఆందోళన నడుస్తున్నది. జనవరి 27 పొద్దున పోలీసు చర్యలో కార్మిక నాయకుడు మురళీమోహన్ మరణించాడు. పోలీసు దెబ్బలకే పోయాడని కార్మికుల ఆరోపణ. ఆ కబురు తెలిసిన గుంపు కంపెనీ ఉన్నతాధికారి కె. సి. చంద్రశేఖర్ ఇంటి మీద పడి ఆయనను కొట్టింది. ఆయనా చనిపోయారు. కర్మాగారానికి నిప్పు పెట్టారు. పోలీసులు కాల్పులు జరిపారు, ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు. కర్మాగారం ఏళ్ళ తరబడి మూతపడింది, వేలాది కుటుంబాల బ్రతుకుతెరువు పోయింది.

ఒకే ఊరు, ఒకే రోజు, రెండు చావులు. దూరదేశాలకు వెళ్ళిన వార్తలలో ముందు నిలిచినది అధికారి హత్య. నాయకుడి మరణం వాక్యం చివర, కారణం చెప్పే చోట వచ్చింది. "అధికారిని కార్మికులు చంపారు" అని మొదలుపెడితే ఒక కథ, "పోలీసు చర్యలో కార్మిక నాయకుడు మరణించాడు" అని మొదలుపెడితే ఇంకొక కథ. రెండిటిలోనూ అబద్ధం లేదు. కాని సగం నిజం మొదటి పేజీలో, సగం లోపలి పేజీలో ఉంటే చదివేవాడికి చేరేది సగమే. ఆ ఉదయం జరిగినది జరిగినట్లు, వరుస తప్పకుండా రాసి, ఇద్దరి పేర్లూ మొదటి వాక్యాలలోనే చెప్పిన పత్రికే తన పని చేసినట్లు మేము భావిస్తాము. అలా రాయడం హత్యను సమర్థించడం కాదు. కారణం చెప్పడం వేరు, క్షమించడం వేరు. ఈ రెండిటికీ తేడా తెలియదని పాఠకుణ్ణి గురించి అనుకోవడం అతణ్ణి చిన్నబుచ్చడమే.

అదే ఏడు జులై 18న హర్యానాలోని మానేసర్‌లో, మారుతి కార్ల కర్మాగారంలో గొడవ జరిగి మానవ వనరుల అధికారి అవనీశ్ కుమార్ దేవ్ మంటలలో మరణించారు. దేశమంతా అట్టుడికింది. ఆ కేసులో 148 మంది కార్మికుల మీద విచారణ జరిగింది. 2017 మార్చిలో కోర్టు 31 మందిని దోషులన్నది, వారిలో 13 మందికి హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష వేసింది. 117 మందిని నిర్దోషులని వదిలిపెట్టింది. వారిలో చాలామంది ఏళ్ళ తరబడి జైలులో ఉన్నారు. మంటలు లేచిన రోజున వచ్చిన విలేఖరులలో ఎందరు ఆ 117 ఇళ్ళకూ వెళ్ళారు? నిప్పుకు బొమ్మ ఉంటుంది. జైలు నుంచి ఇంటికి వచ్చి పని దొరకక అరుగు మీద కూర్చున్నవాడికి బొమ్మ ఉండదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. చంపినవాడు ఒక లేఖ రాసి పెడితే దాన్ని అచ్చువేయాలా? అమెరికాలో 1978 నుంచి 1995 వరకు బాంబులు పంపి ముగ్గురిని చంపినవాడొకడు ఉన్నాడు. ఆ ముగ్గురూ వ్యాపార రంగంవారే – ఒక కంప్యూటరు దుకాణదారు, ఒక ప్రచార సంస్థ అధికారి, ఒక కలప వ్యాపార సంఘాధ్యక్షుడు. తన దీర్ఘవ్యాసం వేస్తే హత్యలు మానుతానన్నాడు. చాలా తర్జనభర్జన పడి, ప్రభుత్వ సలహా మీద 1995 సెప్టెంబరులో వాషింగ్టన్ పోస్టు దానిని ప్రచురించింది. న్యూయార్క్ టైమ్సు ఖర్చు పంచుకున్నది. ఆ రాతను గుర్తుపట్టిన సొంత తమ్ముడి వల్లనే వాడు మరుసటి ఏడు పట్టుబడ్డాడు. 2024లో దీనికి విరుద్ధంగా జరిగింది. థాంప్సన్ హత్య కేసులో నిందితుడి దగ్గర దొరికినదన్న కాగితం పెద్ద సంస్థల చేతికి వచ్చినా వారు పూర్తి పాఠం వేయలేదు. కెన్ క్లిపెన్‌స్టైన్ అనే స్వతంత్ర విలేఖరి వేశాడు. వేస్తే హంతకులకు పేరు వస్తుందని ఒక భయం, దాస్తే ప్రజలకు తెలియవలసినది తెలియదని ఇంకొక భయం. రెండూ నిజమైన భయాలే. హత్య మాత్రం పొగడ్త కాకూడదు. కాని ఆ హత్య తరువాత బీమా కంపెనీలు వైద్యం ఖర్చు నిరాకరించాయని వేలాది మంది తమ గోడు వెళ్ళబోసుకున్నారు. ఆ గోడు అంతకు ముందు ఏళ్ళ తరబడి ఉన్నదే. దాన్ని మొదటి పేజీకి ఎక్కించడానికి ఒక మనిషి ప్రాణం పోవలసి వచ్చిందే, అక్కడ పత్రికలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

మన ఊరి మాట చెప్పకుండా ముగించలేము. 2021 నవంబరు 4న ఇదే యాంగోన్‌లో మైటెల్ ఫోను కంపెనీ ఆర్థికాధికారి థెయిన్ ఆంగ్‌ను కాల్చి చంపారు. ఆ కంపెనీలో సైన్యానికి చెందిన సంస్థకు వాటా ఉన్నది, ఆయన పూర్వం నౌకాదళంలో పనిచేసినవారు. ఆయనను కంపెనీ అధికారి అనాలా, మాజీ సైనికాధికారి అనాలా? ఆ ఒక్క మాట ఎంచుకోవడంలోనే వార్త పక్షం తేలిపోతుంది. రెండూ చెప్పి ఊరుకున్నవాడు నిజానికి దగ్గరగా ఉన్నాడు. అదే ఏడు మార్చిలో ఇక్కడ ఐదు వార్తాసంస్థల లైసెన్సులు రద్దయ్యాయి. అడిగేవాళ్ళు తగ్గినప్పుడు పెద్దవాళ్ళ చావులకు ఏదో ఒక ప్రకటన అయినా దొరుకుతుంది, సందులో పోయినవాడికి అదీ దొరకదు.

పెద్దలారా, పెద్ద పత్రికలను మనం మార్చగలమని మేము అనుకోవడం లేదు. కాని ఏటేటా మనమూ ఒక సంచిక వేస్తున్నాము. అందులో ఎవరి ఫొటో పెద్దదిగా వేయాలి, ఎవరి మరణానికి నివాళి రాయాలి అని మనమూ తీర్పు చెబుతూనే ఉన్నాము. విరాళమిచ్చిన షావుకారు పోతే పూర్తి పేజీ ఇస్తాము. గుడి దగ్గర పూలమ్మిన అవ్వ పోతే సభలో ఒక నిమిషం మౌనం పాటించి ఊరుకుంటాము. ఇతరుల మీద వేలు చూపే ముందు ఈ మాట ఒప్పుకోవాలి.

కనుక ఒక పని తలపెట్టాము. మీ ఇళ్ళలో 1930 నాటి సంగతి చెప్పుకునేవారు ఉంటే, రేవుకు వెళ్ళి తిరిగిరాని తాత పేరు, ఊరు పేరు, ఇంటిపేరు, ఏది తెలిస్తే అది ఒక కాగితం మీద రాసి మాకు ఇవ్వండి. పేరు ఒక్కటే తెలిసినా చాలు. వచ్చే సంచికలో వాటిని అచ్చువేస్తాము. ఆనాడు ప్రాణాలు పోయిన బర్మీయుల ఇళ్ళవారు ఎవరైనా మీ ఇరుగుపొరుగున ఉంటే వారి పెద్దల పేర్లు కూడా అడిగి తెండి. రెండూ ఒకే పేజీలో వేద్దాము.

ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నకు ఆలస్యంగానైనా ఒక జవాబు ఇచ్చినవాళ్ళమవుతాము.