బడి మారిన బిడ్డ బడిలో చేరినదా?

(కలకత్తాలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



జంక్షనులో బండి మారవలసిన ప్రయాణికులలో కొందరు వెనుకబడిపోవుట మన రైల్వే సోదరులకు తెలిసినదే. బిడ్డకు బడి మారుట అట్టి జంక్షను. చదువు మానుటకు పేదరికము, ఇంటిపని, బాల్యవివాహము మొదలగు కారణములు పెక్కు. బడి మారునపుడు అవి అన్నియు ఒక్కసారిగా బలము పుంజుకొనును.

ఈ రాష్ట్రమున ప్రాథమిక పాఠశాల నాలుగవ తరగతితో ముగియుట చిరకాలపు పద్ధతి. 2010లో అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఐదవ తరగతిని ప్రాథమిక దశలో చేర్చినది. 2020 నుండి ఆ తరగతిని విడతలుగా ప్రాథమిక పాఠశాలలకు మార్చసాగిరి. పసిబిడ్డ జంక్షను ఒక ఏడు వెనుకకు జరిగినది. ఇది మేలే, కాని తరగతి వెంట గదియు, ఉపాధ్యాయుడును రావలెను.

ఆంధ్రప్రదేశమున ఇందుకు ఎదురుగా జరిగినది. 2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ఉత్తర్వు ప్రకారము మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు తరలించిరి. సబ్జెక్టు ఉపాధ్యాయులచే బోధన జరుగునన్నది దాని ఆశయము. పలు గ్రామములలో తల్లిదండ్రులు ఆందోళన చేసిరి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది. నడుమ రైలు పట్టాలో, కాలువో ఉన్నచో ఎనిమిదేండ్ల బిడ్డకు కిలోమీటరు చిన్న దూరము కాదు.

విలీనమే తప్పని నేననను. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులకు చెప్పు బడిలో చదువు కుంటుపడును. అయితే 2023లో ఇచట ముప్పదిమందిలోపు పిల్లలున్న 8,207 పాఠశాలల జాబితా బయటికి వచ్చినపుడు, తల్లిదండ్రుల మొదటి ప్రశ్న ఒక్కటే: మా బిడ్డ ఎచటికి పోవలెను? ఖరగ్‌పూరు వంటి పట్టణములలో తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు పొరుగు బడి దగ్గరైనను, భాష దూరము కావచ్చును.

తపాలా సోదరులారా, ముఖ్యమైన ఉత్తరమును అందినట్లు సంతకము లేక బట్వాడా అయినదందురా? బదిలీ పత్రము చేతికిచ్చినంతనే బిడ్డ కొత్త బడిలో చేరినట్లు కాదు. లెక్కలలో ఆ బిడ్డ ‘మారినది’గానే మిగులును, ఇంటిలోనో, టీ దుకాణములోనో ఉండును.

కనుక ఏ పాఠశాలనైనను కలుపుటకు ముందు దారియు, మాధ్యమమును, గదులును పరిశీలించవలెను. కలిపిన నెలలోపల పేరుపేరునా ప్రతి బిడ్డ చేరికను నిర్ధారించవలెను. మన కాలనీలలో ఈ పని మనమే మొదలుపెట్టుదము. వచ్చే మాసపు సమావేశమునకు మన పిల్లల పేర్ల పట్టికతో రండి.